సీసా తిరిగొచ్చినంత మేర

మా వీధి సోడాకొట్టులో సోడా అప్పు దొరికేది. సీసా అప్పు మాత్రం దొరికేది కాదు. తాగిన సోడాకి డబ్బులు రేపిస్తానంటే కొట్టు నడిపే సోడా మావయ్య తలూపేవాడు. ఇంటికి పట్టుకెళ్తానంటే మాత్రం ఒక ఖాళీ సీసా ముందు బల్లమీద పెట్టాల్సిందే, లేదంటే సీసాకి డబ్బు కట్టాల్సిందే. ఇంట్లో చుట్టాలున్నారన్నా, తాతయ్యకి కడుపులో బాగులేదన్నా ఆయన మొదటి మాట ఒకటే. "సీసా తెచ్చీవా?" ఎవరబ్బాయివి, ఏ వీధి అన్నవి ఆ తర్వాత.

నేను విజయనగరంలో అయ్యకోనేరు గట్టుకి దగ్గర్లో పెరిగాను. 1980ల్లో మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో నాకు తెలిసి మూడు సోడాకొట్లు ఉండేవి. కొట్టంటే అమ్మే చోటు మాత్రమే కాదు, తయారీ కూడా అక్కడే. ముందు బల్ల, వెనక మిషను, పెరట్లో నుయ్యి, నూతి పక్కన సీసాలు కడిగే తొట్టి. ఇప్పుడు ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. ఎందుకు పోయాయని ఎవరినడిగినా "కూల్‌డ్రింకులొచ్చి చంపేశాయి" అంటారు.

ఈ మాట నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు. థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ మా చిన్నప్పుడే ఉన్నాయి. గంటస్తంభం దగ్గర ఏ కిళ్లీకొట్టులో చూసినా గోలీసోడా పెట్టె, కూల్‌డ్రింకుల పెట్టె పక్కపక్కనే కనిపించేవి. అయినా మావయ్య కొట్టు ఏళ్ల తరబడి బాగానే నడిచింది. రుచి చంపితే అప్పుడే చంపాలి కదా! నన్నడిగితే దీనికి జవాబు సోడాలో కాదు, సీసాలో వెతకాలి. అందుకు ముందు ఆ సీసా సంగతి తెలియాలి. తర్వాత చిన్న తూకం లెక్క ఒకటి వెయ్యాలి.

గోలీ ఎలా ఆగుతుంది

గోలీసోడా మనదే అనుకుంటాం కానీ సీసా ఇంగ్లండుది. హైరమ్ కాడ్ అనే ఇంజినీరు 1870ల మొదట్లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికే సోడా పుట్టి వందేళ్లు. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ తన ఇంటి పక్కనున్న బీరు తయారీ తొట్లపైన తేలే గ్యాసుని నీళ్లలో కలిపి చూశాడు. 1783లో జెనీవాలో ష్వెప్ దాన్ని వ్యాపారం చేశాడు. గ్యాసు కలపడం వచ్చింది సరే, కలిపిన గ్యాసుని సీసాలో ఆపడం రాలేదు. బెండుబిరడా ఎండితే ముడుచుకుపోతుంది, గ్యాసు జారిపోతుంది. బిరడా తడిగా ఉండాలని అడుగు గుండ్రంగా చేసి, నిలబెట్టడానికి వీల్లేకుండా ఎప్పుడూ పడుకునే ఉండే సీసాలు కూడా చేశారంటే ఎంత తిప్పలు పడ్డారో ఊహించుకోవచ్చు.

కాడ్ చేసిన పని చాలా తెలివైనది. ఏ గ్యాసు బయటికి పారిపోవాలని చూస్తుందో, దానితోనే తలుపు వేయించాడు. సీసా మూతిలోపల ఒక గాడి, అందులో రబ్బరు వాషరు. కింద మెడలో గాజుగోలీ. సీసా తలకిందులు చేస్తే గోలీ వచ్చి రబ్బరు మీద కూర్చుంటుంది. లోపల్నించి గ్యాసు దాన్ని నెట్టి బిగించేస్తుంది. ఇక సీసాని ఎలా తిప్పినా ఊడదు. ఎంత ఎక్కువ గ్యాసుంటే అంత గట్టిగా బిగుసుకుంటుంది. మూత లేదు, బిరడా లేదు, తీగ లేదు. అరిగేది ఆ రబ్బరొక్కటే. గోలీ కిందికి జారి సోడాలో పడిపోకుండా మెడ కింద నడుములా నొక్కి ఉంటుంది. తాగేటప్పుడు గోలీ అడ్డం రాకుండా మెడకి రెండు గుంటలు. ఆ గుంటలున్న వైపు కిందికి పెట్టి వంచితే గోలీ వాటిలో ఇరుక్కుని బుద్ధిగా కూర్చుంటుంది. ఇది తెలియనివాడు సీసాని ఎంత వంచినా గోలీ వచ్చి మూతికి అడ్డం పడుతుంది. మా పట్నం చుట్టాల పిల్లల్ని ఈ ఒక్క విషయంలో మేం చాలా ఏడిపించాం.

ఇక సోడా కొట్టడం. మన భాషలో ఇదో తమాషా, సోడాకొట్టుకి వెళ్లి సోడా కొట్టమంటాం. కొట్టడం అంటే గోలీని లోపలికి నొక్కడం. దానికి ఎంత బలం కావాలో లెక్క వెయ్యొచ్చు. ఘాటైన సోడాలో లీటరు నీటికి మూడు లీటర్ల గ్యాసు కరిగి ఉందనుకుందాం. 30 డిగ్రీల వేడిలో ఆ సీసా లోపలి ఒత్తిడి బయటి గాలికంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా ఉంటుంది. రబ్బరు లోపలి కన్నం 12 మిల్లీమీటర్లనుకుంటే గోలీని పైకి నెట్టే బలం సుమారు నాలుగు కిలోలు. అంటే నాలుగు కిలోల బెల్లం దిమ్మని బొటనవేలి మీద మొయ్యడమన్నమాట. అదే సీసా ఐసుపెట్టెలో 10 డిగ్రీలకి చల్లబడితే రెండు కిలోలు కూడా అక్కర్లేదు. నీళ్లు చల్లబడేకొద్దీ గ్యాసు నీళ్లలోనే ఒదిగి ఉంటుంది. వేడెక్కితే బయటికి తోసుకొస్తుంది. చల్లటి సోడా నేనూ కొట్టగలిగేవాణ్ని, ఎండన పడ్డ సోడా మా నాన్న కూడా చెక్క ఓపెనర్ లేకుండా కొట్టలేకపోయేవాడు. ఇందులో నా చేతగానితనం ఏమీ లేదని నలభై ఏళ్లకి తెలిసింది.

ఎండలో పెట్టిన సీసాలు పేలడం కూడా ఇందుకే. 40 డిగ్రీలకి పోతే లోపలి ఒత్తిడి ఇంకో పాతిక శాతం పైగా పెరుగుతుంది. అప్పటికే సన్నటి గీత పడ్డ సీసా ఆగదు. రోహిణి కార్తెలో మావయ్య పెట్టెల మీద తడిగోనెలు కప్పి గంటకోసారి నీళ్లు చల్లించేవాడు. చల్లగా ఉంటాయని అనుకునేవాళ్లం. అసలు భయం వేరే.

తెల్లారగట్ల మిషను

సోడా మిషను చూడనివాళ్లకి చెప్పాలి. పోతపోసిన ఇనప చట్రం, మధ్యలో ఇనప పంజరం, పక్కన చేత్తో తిప్పే చక్రం. సీసాలో ముప్పాతిక పైగా నీళ్లు పోసి పంజరంలో బిగించి తలుపు వేసేవారు. సిలిండరు నుంచి రబ్బరు గొట్టంలో గ్యాసు వదిలి చక్రం తిప్పేవారు. సీసాలు గిరగిరా తిరుగుతుంటే నీళ్లు, గ్యాసు లోపల కలగలిసిపోయేవి. ఊరికే గ్యాసు వదిలేస్తే నీటి పైభాగమే పీల్చుకుంటుంది, కుదిపితే బేగి కలుస్తుంది. చక్రం ఆపేటప్పుడు సీసాలు తలకిందులుగా ఉండాలి. "టక్" మని గోలీలు రబ్బరు మీద కూర్చున్న చప్పుడు విని మావయ్య గ్యాసు కట్టేసేవాడు. ఆ టక్కు వినపడకపోతే ఆ సీసా తప్పినట్టే, మళ్లీ మొదటికి.

ఈ పనంతా తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేది. పక్కింటివాళ్లు నిద్ర పాడైందని తిట్టుకునేవారు. పగలు చేసుకోవచ్చు కదా అని ఒకాయన గొడవ కూడా పడ్డాడు. మావయ్య వినలేదు. ఆయనకి పుస్తకాలు తెలియవు గాని విషయం తెలుసు. ఒకే ఒత్తిడి దగ్గర లీటరు నీళ్లు 10 డిగ్రీల్లో సుమారు 1.2 లీటర్ల గ్యాసు పీల్చుకుంటే, 30 డిగ్రీల్లో 0.66 లీటర్లే పీల్చుకుంటాయి. దాదాపు సగం. నూతి నీళ్లు తెల్లారగట్ల తోడితే ఉన్నంతలో చల్లగా ఉంటాయి. మధ్యాహ్నం పట్టిన సోడాలో ఘాటు ఉండదు, గ్యాసు వృథా. గ్యాసంటే డబ్బు.

గ్యాసు సిలిండరు విశాఖపట్నం నుంచి వచ్చేది. అందులో కార్బన్ డయాక్సైడు ద్రవంగా ఉంటుంది. ద్రవం చుక్క మిగిలున్నంత వరకూ మీటరు ముల్లు పెద్దగా కదలదు, ద్రవం అయిపోయాక ఒక్కసారి పడిపోతుంది. కాబట్టి ముల్లు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, తూకం వెయ్యాలి. మావయ్య తూకం కూడా వేసేవాడు కాదు. మిషను కాసేపు నడిచాక సిలిండరు మీద చెయ్యేసి కిందినుంచి పైకి రాసేవాడు. లోపల ద్రవం ఆవిరవుతుంటే ఆ మేరకి ఇనుము చల్లబడుతుంది, మన తేమ గాలికి అక్కడివరకే చెమట పడుతుంది. ఆ చెమట గీత ఎక్కడుంటే ద్రవం అంతవరకు ఉన్నట్టు. "ఇంకా రెండ్రోజులొస్తాది" అనేవాడు. ఎప్పుడూ తప్పలేదు. నడివేసవిలో మాత్రం ఈ కిటుకు పనిచేసేది కాదు, ఎందుకంటే 31 డిగ్రీలు దాటితే ఆ గ్యాసు ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా ఉండదు. తెల్లవారుజామున పని చెయ్యడానికి ఇదింకో లాభం.

చక్రం తిప్పడానికి ఒక కుర్రాడు. సీసాలు కడగడం అత్త పని. గోలీ అడ్డమొస్తుంది గనక బ్రష్షు సరిగ్గా లోపలికి పోదు. కాసిని నీళ్లు పోసి, మూతికి చెయ్యి అడ్డంపెట్టి, గడగడా ఆడించి పారబొయ్యాలి. ఎన్నిసార్లు చేస్తే అంత శుభ్రం. అత్త మూడుసార్లు చేసేది. అందరూ అలా చేసేవారని నేను ప్రమాణం చెయ్యలేను. పాతరోజుల సోడా అమృతమని పొగిడేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. నూతి నీళ్లు కాచేవారు కాదు, వడగట్టేవారు కాదు. గ్యాసు కలిస్తే నీళ్లలో కొద్దిగా పులుపు పుడుతుంది, ఆ పులుపులో కొన్ని క్రిములు చస్తాయి. అన్నీ చావవు. కలర్ సోడాల్లో పంచదార బదులు శాక్రిన్ వేసిన కొట్లూ ఉండేవి. తాగాక నాలిక వెనక చేదుగా తగిలేది అదే.

మావయ్య కుడి అరచేతిలో బొటనవేలి కింద ఒక పొడుగాటి మచ్చ ఉండేది. పంజరం తలుపు తీసేటప్పుడు సీసా పగిలిందట. ఆ తర్వాత పాత సైకిలు టైరు ముక్కని చేతికి తొడుక్కునేవాడు. నాకూ ఒక మచ్చ ఉంది, చిన్నది. పగిలిన సీసాలోంచి గోలీ తీసుకోబోయి తెచ్చుకున్నది. ఆకుపచ్చ ఛాయలో మెరిసే ఆ సోడాగోలీ ముందు సంతలో కొన్న గోలీలు ఎందుకూ పనికొచ్చేవి కావు మరి. గోలీ లోపలికి వెళ్లాకే గాజుమూతిని నొక్కి తయారుచేస్తారు గనక సీసా పగిలితే తప్ప అది బయటికి రాదు. కాడ్ సీసాలు ఇంగ్లండులో కూడా పిల్లల చేతుల్లో ఇలాగే పగిలేవట.

రెండు మాటలు కడుపు గురించి. గోలీసోడాలో వంటసోడా ఉండదు, ఉన్నది నీళ్లు, గ్యాసు. పేరు మాత్రం పాత తయారీ పద్ధతుల నుంచి మిగిలిపోయింది. భోజనాల తర్వాత సోడా తాగి పెద్ద తేన్పు తేన్చి "హమ్మయ్య, గ్యాసు పోయింది" అనుకునే పెద్దలకి నేను చెప్పలేకపోయిన సంగతి, ఆ పోయినది అప్పుడే డబ్బిచ్చి మింగిన గ్యాసు. ఉప్పు వేస్తే భుస్సున పొంగేది కూడా మందు పనిచేయడం వల్ల కాదు. ఉప్పుగళ్ల గరుకు అంచులు బుడగలు కట్టడానికి చోటిస్తాయి, నీళ్లలో ఒదిగున్న గ్యాసు అక్కడ గుమిగూడి బయటికొస్తుంది. ఇసక వేసినా పొంగుతుంది. నిమ్మకాయ, ఉప్పు వేసిన సోడా బాగుండదని మాత్రం నేననను.

పదిహేడు కిలోలు, పన్నెండు కిలోలు

ఇప్పుడు తూకం లెక్క. గోలీసోడా సీసా దళసరి గాజు. ఆ ఒత్తిడికి ఆగాలి, వందలసార్లు తిరగాలి. అందులో పట్టే సోడా కంటే సీసా బరువే ఎక్కువ. సీసా అరకిలో, సోడా 200 మిల్లీలీటర్లు అనుకుందాం. 24 సీసాల పెట్టెలో గాజు 12 కిలోలు, సోడా ఐదు కిలోలకి కాస్త తక్కువ. మావయ్య కుర్రాడు సైకిలు మీద ఒక కిళ్లీకొట్టుకి పెట్టె వేసి రావాలంటే వెళ్లేటప్పుడు 17 కిలోలు, ఖాళీలతో వచ్చేటప్పుడు 12 కిలోలు. మొత్తం 29 కిలోలు మోస్తే అమ్ముడైంది ఐదు కిలోల నీళ్లు. చెక్కపెట్టె బరువు నేనింకా కలపలేదు.

ఈ లెక్క ప్రకారం సోడాని ఎంత దూరం మొయ్యొచ్చు? రెండు మూడు కిలోమీటర్లు. అంతకు మించితే మోతకూలి సోడా ధరని మింగేస్తుంది. అందుకే మా అయ్యకోనేరు కొట్టు సోడా దాసన్నపేట దాటేది కాదు, కంటోన్మెంటు వైపు వేరే కొట్టు, కొత్తపేటలో వేరే కొట్టు. ఎవరూ హద్దులు గీయలేదు, సీసా బరువే గీసింది. పేటపేటకీ ఒక సోడాకొట్టు ఉండేదని మనం ముచ్చటగా చెప్పుకుంటాం కదా, దాని వెనకున్నది ఈ తూకమే. రామచంద్రాపురం ఆర్టోస్‌లా ఒకరిద్దరు ఎదిగి పేరున్న బ్రాండ్లయ్యారు. మిగతావాళ్లు సీసా తిరిగొచ్చినంత మేర బతికారు.

సీసా తిరిగి రావడం అంత ముఖ్యం. ఒక సోడాకొట్టుకి అసలైన ఆస్తి మిషను కాదు, చుట్టుపక్కల తిరుగుతున్న సీసాలు. కొత్త సీసాలు అంత తేలిగ్గా దొరకవు, ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లో హాథ్రస్ దగ్గర సాస్నీలో తయారై రావాలి. ఒక సోడా మీద మిగిలేది చిల్లర, ఒక సీసా పోతే ఎన్నో సోడాల లాభం పోయినట్టు. "సీసా తెచ్చీవా" అని మావయ్య ఎందుకు అడిగేవాడో ఇప్పుడు తెలుస్తుంది. వీధిలో ఏదైనా గొడవ ముదిరేలా ఉందంటే అందరికంటే ముందు సోడాబండి సర్దేసేవారు. జనం చేతికి మొదట దొరికే ఆయుధం అదే మరి. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను) తిరిగే రోజున అయితే సీసాలకి కాపలా వేరే. దసరా వెళ్లిన మంగళవారం కోటకీ గుడికీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంటే జనం ఇసకవేస్తే రాలనంత. ఆ రోజు అమ్మినన్ని సోడాలు నెలంతా అమ్మరు, ఆ రోజు పోయినన్ని సీసాలూ నెలంతా పోవు. అందుకని ఆ రోజు ఎవరికీ సీసా చేతికిచ్చి పంపరు, బండి దగ్గరే నిలబెట్టి తాగించి వెనక్కి తీసుకుంటారు. తాగుతున్నంతసేపూ కుర్రాడు మీ చేతివంకే చూస్తుంటాడు.

ఒకసారి శ్రీకాకుళంలో మా పిన్నివాళ్లింటి నుంచి ఒక సీసా మా సంచిలో వచ్చేసింది. ఏడు రోడ్ల జంక్షన్లో కొన్న సోడా, బస్సుకి వేళయిందని అలాగే పట్టుకొచ్చాం. దాని మెడ మీద నీలం రంగు చుక్క. ఏ కొట్టు సీసాకి ఆ కొట్టు రంగు, మా మావయ్యవన్నీ ఎర్రచుక్కలు. తీసుకుంటాడో లేదోనని భయపడుతూ ఇచ్చాను. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బ్లేడుతో నీలం గీకేసి, ఎర్రరంగు పెట్టేశాడు. "ఆడికొకటి తగ్గింది, మనకొకటి పెరిగింది" అని నవ్వి నాకో సోడా ఊరికే కొట్టాడు. డెబ్భై కిలోమీటర్ల అవతల ఎవరో మాలాంటి పిల్లాణ్ని ఒకాయన సీసా ఏదిరా అని అడుగుతుంటాడని అప్పుడు తట్టలేదు.

మళ్లీ మొదటి ప్రశ్నకొస్తే, కూల్‌డ్రింకులు ఇన్నేళ్లు సోడాని ఎందుకు చంపలేదు? వాటి సీసాలు కూడా వెనక్కి రావాల్సినవే కాబట్టి. 1977లో కోకాకోలా దేశం వదిలి వెళ్లింది, అదే ఏడు థమ్సప్ వచ్చింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ అన్నీ కొనేసింది. ఆ పదహారేళ్లూ వీటికి కూడా గాజు సీసాలే, డిపాజిట్లే, ఖాళీల లారీలే. దూరం మోసిన ఖర్చు ధరలో పడేది. అందుకే అవి పండగ తాగుడు, సోడా రోజూ తాగుడు.

ఆ తర్వాత రెండు జరిగాయి. ఒకటి ప్లాస్టిక్ సీసా. గ్రాముల్లో తూగే ఆ సీసాని ఎవరూ వెనక్కి అడగరు. వెళ్లేటప్పుడు ఐదు కిలోల డ్రింకుకి ఐదు కిలోల పైన కొంచెం మోత, వచ్చేటప్పుడు సున్నా. దూరంగా ఉన్న పెద్ద ఫ్యాక్టరీని ఇన్నాళ్లూ మా వీధిలోకి రానివ్వకుండా ఆపింది గాజు బరువు. ఆ గోడ కూలిపోయింది. రెండోది ధర. 2003 ప్రాంతంలో 200 మిల్లీలీటర్ల కోలా ఐదు రూపాయలకి పెట్టారు. అది గాజు సీసానే, నష్టానికైనా ఓర్చుకుని అమ్మగల కంపెనీ ధర అది. మావయ్య అటువంటి పందెం కాయలేడు. దానికితోడు కంపెనీలు కిళ్లీకొట్లకి ఫ్రిజ్‌లు పెట్టించాయి. ఆ ఫ్రిజ్‌లో వేరేవాళ్ల సీసా పెడితే ఊరుకోరు. చల్లదనం లేని సోడా ఎవడికి కావాలి?

ప్యాకెట్ నీళ్లు కూడా ఓ దెబ్బ కొట్టాయి. అంతకుముందు పరాయి ఊళ్లో నీళ్లు తాగడానికి భయపడి సోడా తాగేవాళ్లు బోలెడుమంది. నీళ్లే సీలు వేసి అమ్మడం మొదలయ్యాక ఆ బేరం పోయింది.

చట్టమూ పన్నూ

ప్రభుత్వం సోడాకొట్లని మూయించిందన్న మాటా వింటుంటాం. నేరుగా మూయించలేదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం, 2011 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన దాని నిబంధనలు లైసెన్సు, లేబులు, నీటి పరీక్ష అడిగాయి. అడిగినవన్నీ న్యాయమైనవే, పైన కడుగుడు సంగతి చెప్పాను కదా. కానీ పదిచేతులు మారి రోజూ తొట్టిలో మునిగే గోలీసీసా మీద తయారీ తేదీ ఎక్కడ అంటించాలి? ఆ నిబంధనలు రాసినవాళ్ల కళ్లముందున్నది ఒకసారి తాగి పారేసే సీసా.

పన్ను కథ ఇంకా విచిత్రం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తీపి కలిపిన గ్యాసు పానీయాలకి 28 శాతం, పైన 12 శాతం సెస్సు వేశారు. తీపి, వాసన ఏదీ కలపని వట్టి సోడాకి 18. 2019 అక్టోబరు నుంచి తీపి, వాసన కలిపిన సోడా తయారీదార్లకి కాంపొజిషన్ పథకం, అంటే చిన్నవాళ్లు టర్నోవరు మీద కొద్దిపాటి పన్ను కట్టి లెక్కల బాధ తప్పించుకునే సదుపాయం, తీసేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి తీపిదానికి 40, వట్టిదానికి 5. అంటే ఒకే మిషను, ఒకే సీసా, ఒకే నుయ్యి. వట్టి సోడా అయితే 5 శాతం, అందులో ఒక చెంచా ద్రాక్ష పాకం పోస్తే 40. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల లోపు అమ్మే సరుకు వ్యాపారికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు గనక వీధి కొట్టుకి ఇది నేరుగా తగలకపోవచ్చు. కాస్త ఎదుగుదామనుకున్నవాడికే తగులుతుంది.

ఇంకో దేశంలో ఇంకోలా జరిగింది. జపాన్లో ఇదే గోలీసీసాలో అమ్మే రామునే అనే నిమ్మ డ్రింకు 1884లో కోబేలో మొదలైంది, ఇప్పటికీ అక్కడ వేసవి జాతరల్లో పిల్లలు తాగుతారు. 1977లో, కోకాకోలా మన దేశం వదిలిన ఆ ఏడాదే, అక్కడ పెద్ద కంపెనీలు చిన్నవాళ్ల వ్యాపారంలో వేలు పెట్టకుండా ఒక చట్టం చేశారు. రామునే తయారీ దాని నీడలోనే చిన్న పరిశ్రమలకి మిగిలింది.

ఇప్పుడు మన దగ్గర కూడా గోలీసోడా తిరిగొచ్చింది. రింగురోడ్డులో రంగురంగుల బోర్డులు పెట్టి బ్లూబెర్రీ, పుదీనా, జీరా రుచుల్లో అమ్ముతున్నారు. 2025లో మన గోలీసోడా కొత్త పేరుతో అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాల దుకాణాలకి ఎగుమతి అవుతోందని కేంద్ర వాణిజ్య శాఖే ప్రకటించింది. సంతోషమే. మొన్న నేనూ ఒకటి తాగాను, ఘాటు బాగుంది, శుభ్రంగా ఉంది. తాగి అలవాటు కొద్దీ ఖాళీసీసా కౌంటరు మీద పెడితే కుర్రాడు "ఉంచుకోండి సార్, ఫ్రీ" అన్నాడు. లండన్ దాకా వెళ్లిన సీసాని మళ్లీ సాస్నీ దాకా ఎవడు మోస్తాడు? మళ్లీ మళ్లీ తిరగడానికి పుట్టిన గోలీ ఇప్పుడు చూడ్డానికి ఉంది. ఆ సీసా మెడ మీద చుక్క పెట్టాల్సిన పని ఎవరికీ లేదు.

మావయ్య మిషను తూకానికి అమ్మేశారని విన్నాను. కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల రిపేరు షాపు. కిందటి సంక్రాంతికి మా ఇంట్లో అటక దులుపుతుంటే పాత ఇత్తడి బిందె వెనక ఒక సోడాసీసా దొరికింది. మెడ మీద ఎర్రరంగు ఇంకా పోలేదు. కడిగి షోకేసులో పెడదామని కిందికి తెచ్చాను. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"అది మనది కాదురా. సోడా మావయ్యోళ్లది. ఇచ్చీరా."